కిటికీ పక్క మూత్రపిండం

మానవ శరీరాన్ని గురించి ఇద్దరు మాట్లాడుకోవాలంటే ముందు వారి మధ్య ఒక ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందాన్ని వైద్య కళాశాలలో మొట్టమొదటి పాఠంగా చెబుతారు. మొదటి పాఠం కావడమే దాని దురదృష్టం. ఆ సమయానికి విద్యార్థుల దృష్టి కొత్త తెల్లకోటు మీద, హాస్టలు సాంబారు మీద, పక్క బెంచీ మీద ఉంటుంది. తరువాత గుండె, మెదడు, కాలేయం వంటి ఘనమైన విషయాలు వచ్చి పడతాయి కనుక ఎవరూ వెనక్కి వెళ్ళి దానిని చదవరు. ఆ విధంగా ఏటేటా ఎందరో వైద్యులు కుడి ఎడమలు తెలియకుండానే పట్టాలు పుచ్చుకుని బయటికి వస్తున్నారు. ఇది ముసలివాడి అతిశయోక్తి అని మీకు తోచవచ్చు. చివరిదాకా చదివి ఆ మాట అనండి.

పాఠం ఇంతే. శరీరం నిటారుగా నిలబడి, మనకు ఎదురుగా చూస్తూ, చేతులు పక్కలకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పి ఉన్నదని ఊహించుకోవాలి. మనిషి వెల్లకిలా పడుకున్నా, బోర్లా తిరిగినా, కాలవగట్టు మీద ముడుచుకుని కూర్చున్నా, వర్ణించేటప్పుడు మాత్రం అతడు అలా నిలబడి ఉన్నట్టే లెక్క. కుడి అంటే అతని కుడి; చూసేవాడి కుడి కాదు. శరీరాన్ని నిలువునా సగం చేసే మధ్యరేఖకు దగ్గరైనది లోపలి వైపు, దూరమైనది వెలుపలి వైపు. చేయి గురించి చెప్పేటప్పుడు భుజానికి దగ్గర, భుజానికి దూరం అంటాము గాని పైన, కింద అనము. ఎందుకంటే చేయి ఎత్తినవాడికి మణికట్టు మోచేతికి పైనే ఉంటుంది. ఇందులో కంఠస్థం చేయవలసిన శ్లోకం లేదు, గుణించవలసిన గణితం లేదు. పట్టుబట్టి పాటించడం ఒక్కటే ఉంది. మనవాళ్ళకు చేతకానిదీ అదే.

యౌవనంలో కొంతకాలం నేను శరీర నిర్మాణ శాస్త్రం బోధించాను. ఆ తరువాత మత్తు వైద్యుడినై ప్రభుత్వ ఆసుపత్రులలో పదవీ విరమణ దాకా పనిచేశాను. కొలువు ముగిశాక ఇంట్లో కూర్చోవడం చేతగాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. దాని పేరు, ఊరు చెప్పను. ఇటు బందరు నుంచి, అటు గుడివాడ నుంచి, కింద దివిసీమ నుంచి రోగులు బస్సుల్లోనూ ఆటోల్లోనూ వచ్చి చేరేంత దూరంలో ఉండేదనుకుంటే చాలు. అరచేతులు ముందుకు తిప్పి నిలబడి చూపించే అలవాటు నాకు పాఠాలు చెప్పిన రోజుల నుంచీ ఉండిపోయింది. అందువల్ల ఆ ఆసుపత్రిలో నన్ను ఎదుట ‘మాస్టారూ’ అనీ, చాటున ‘అరచేతుల మాస్టారు’ అనీ అనేవారు. రెండూ నాకు వినబడేవి. రెండింటికీ పలికేవాడిని కాను.

అక్కడి ఆపరేషన్ థియేటరులో ఒక ఆచారం ఉండేది. బల్లను ఉత్తర దక్షిణాలుగా వేసి, రోగి తల ఉత్తరం వైపు ఉంచేవారు. పడమటి గోడకు పెద్ద అద్దాల కిటికీ, తూర్పు గోడకు తలుపు. వెల్లకిలా పడుకున్న రోగికి కుడి పక్కన కిటికీ, ఎడమ పక్కన తలుపు ఉండేవి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని అక్కడ ఎవరూ కుడి అనరు, ఎడమ అనరు. ‘కిటికీ పక్క హెర్నియా’, ‘తలుపు పక్క మోకాలు’, ‘కిటికీ పక్క రొమ్ములో గడ్డ’ అంటారు. ఓపీ గదిలో అంటారు, వార్డులో అంటారు, చివరికి భోజనాల దగ్గర కూడా అంటారు. వార్డులో అసలు కిటికీ ఎటు ఉన్నదో ఎవరికీ పట్టదు. థియేటరు కిటికీయే సర్వానికీ ప్రమాణం.

నేను చేరిన కొత్తలోనే థియేటరు పెద్ద సిస్టరును అడిగాను. బందరు మనిషి. పనిలో చురుకు, మాటలో అంతకంటే చురుకు.

“ఇదేమి భాష, సిస్టర్?”

“ఏం చేయమంటారు మాస్టారూ? కుడి అంటే మీ కుడా, నా కుడా, పేషెంటు కుడా అని రోజూ తగువే. పెద్ద డాక్టరుగారు అటు నిలబడి కుడంటారు, కుర్ర డాక్టరు ఇటు నిలబడి ఎడమంటాడు. మధ్యలో నేను చస్తున్నా. కిటికీతో ఏ తగువూ లేదండీ. ఎవరు ఎటు నిలబడినా కిటికీ కిటికీయే.”

“తగువు రాకూడదనే కదా లోకమంతా కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నది? రోగి కుడి అంటే రోగి కుడి.”

“లోకం మన థియేటరుకి రాదుగా సార్” అని ఆమె పళ్ళెంలో కత్తెరలు సర్దుకున్నది.

నిజం చెప్పాలంటే ఆమె వాదనలో కొంత తెలివి ఉన్నది. అదే నాకు ఎక్కువ మంట పుట్టించింది. తెలివితక్కువ అలవాటును మాన్పించవచ్చు. తెలివితో పుట్టిన తప్పుడు అలవాటును మాన్పించడం బ్రహ్మతరం కాదు.

ఆ థియేటరుకు మకుటం లేని మహారాజు మా సర్జనుగారు. గుడివాడలో సొంత ప్రాక్టీసు. వారంలో కొన్ని రోజులు మా ఆసుపత్రికి వచ్చేవారు. చేయి అద్భుతమైన చేయి. ఆయన కుట్లు చూస్తే పట్టుచీర అంచు గుర్తుకు వచ్చేది. అయితే ఆ చేతి మీద ఆయనకున్న నమ్మకంలో పదో వంతు కూడా మాటల మీద ఉండేది కాదు. శరీరాన్ని వర్ణించడం గుమాస్తా పని అని ఆయన అభిప్రాయం. కేసు కాగితాల మీద ఆపరేషను పేరు రాసేవారు గాని ఏ వైపో రాసేవారు కారు. “నాకు తెలుసు కదండీ, ఇంకెవరికి తెలియాలి?” అనేవారు. రాజు ఎలాగో పరివారమూ అలాగే. వార్డు నుంచి మా డ్యూటీ డాక్టరు, కొత్తగా పట్టా పుచ్చుకున్నవాడు, ఫోను చేసి గాయాన్ని వర్ణించే తీరు వినాలి.

“సార్, చేతి వెనకాల, కొంచెం కిందగా, పక్కకి దెబ్బండి.”

“చేయి ఎలా పెట్టుకున్నాడు?”

“తల కింద పెట్టుకుని పడుకున్నాడు సార్.”

“అయితే కిందగా అంటే వేళ్ళ వైపా, భుజం వైపా?”

“సార్, మీరోసారి వచ్చి చూస్తారా?”

వెళ్ళి చూసేవాడిని. ఇంత చదువూ చదివి చివరికి వేలితో చూపించుకునే దశకు చేరుకున్నాము. వేలితో చూపించడానికి ఆరేళ్ళు కళాశాలలో కూర్చోనక్కరలేదు. ఏడాది నిండని పసివాడు కూడా చూపిస్తాడు.

ఇలా ఉండగా ఆసుపత్రి యజమానికి వ్యాపారం కొంత మందగించింది. పక్క ఊళ్ళో కొత్త ఆసుపత్రి వెలవడమే అందుకు కారణమని పారిశుద్ధ్యం చేసే మనిషికి కూడా తెలుసు. యజమాని మాత్రం వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. ఆయన గదిగదీ తిరిగి, థియేటరు దగ్గరకు రాగానే చెవులు మూసుకున్నంత పని చేశాడట. ఉత్తరం దిక్కుకు తల పెట్టి పడుకోబెట్టడమా! బతికున్నవాణ్ణి అలా పడుకోబెడితే ఆయువు ఎలా నిలుస్తుంది? మంచి రోజు చూసి బల్లను తిప్పేశారు. తల దక్షిణం వైపుకు, పాదాలు ఉత్తరం వైపుకు వెళ్ళాయి. కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు నా మత్తు యంత్రం కింద మడుగు కట్టాయి.

ఆక్సిజన్ గొట్టం ఉత్తరపు గోడలో ఉన్నది. గొట్టాలకు వాస్తు తెలియదు. దానిని గది పొడవునా నేల మీదుగా సాగదీసి దక్షిణానికి తీసుకువచ్చారు. దాని మీద ఎవరు కాలు వేస్తారోనని నేను రోజంతా నేల చూపులు చూడవలసి వచ్చింది. యజమానిని కలిసి చెప్పాను.

“గొట్టం సంగతి అలా ఉంచండి. రోగి కుడి పక్కన ఉండే కిటికీ ఇప్పుడు ఎడమ పక్కకు వచ్చింది. మీ మనుషులు ఇంకా కిటికీ పక్క అనే అంటున్నారు. అది గమనించారా?”

ఆయన ఎంతో ఓపికగా నవ్వాడు. “కిటికీ ఎక్కడికీ పోలేదు కదండీ మాస్టారూ!”

అవును, కిటికీ ఎక్కడికీ పోలేదు. మనిషే తిరిగాడు. ఈ భేదం ఆయనకు బోధించడానికి నేను అరచేతులు ముందుకు తిప్పి నిలబడ్డాను. ఆయన ఫోను మోగింది.

ఇక ఒక రోగి సంగతి. అవనిగడ్డ అవతల ఒక పల్లె ఆమెది. మోపిదేవి వెళ్ళే దారిలో మొగుడూ పెళ్ళాం ఇడ్లీ బండి నడిపేవారు. గుడికి వచ్చే యాత్రికులే బేరం. మూత్రపిండంలో రాయి చాలాకాలం అడ్డుపడి, లోపల చీము పట్టి, ఆ మూత్రపిండం పూర్తిగా చెడిపోయింది. రెండోది బాగా పనిచేస్తోంది. చెడినదానిని తీసివేయాలి; లేకపోతే ఆ చీము ఏదో ఒకరోజు రక్తంలో కలిసి ప్రాణం తీస్తుంది. సర్జనుగారు బల్ల తిప్పక ముందు ఆమెను చూసి, స్కాను తీయించి, “కిటికీ పక్కది పోయింది, తీసేయాలి” అని తేల్చారు. అప్పటికి జ్వరం, రక్తహీనత ఉండడంతో మందులిచ్చి ఇంటికి పంపి, కొన్ని వారాల తరువాత రమ్మన్నారు. బల్ల తిరిగింది ఆ వ్యవధిలోనే.

చెడిపోయినది తీసి మంచిది ఉంచితే మనిషి మామూలుగా బతుకుతుంది. మంచిది తీసి చెడినది ఉంచితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ రోజు ఉదయం ఆమెను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి డ్రిప్పు పెట్టారు. మత్తు ఇంకా ఇవ్వలేదు. మూత్రపిండం తీసేటప్పుడు రోగిని ఒక పక్కకు తిప్పి, కోయవలసిన వైపు పైకి ఉండేలా పడుకోబెడతారు. మత్తు ఎక్కాక మనిషిని తిప్పడానికి వీలుగా పెద్ద సిస్టరు ముందే ఇసుక సంచీలు, చేతికి ఆనుడు బల్లా అమర్చి పెట్టుకున్నది. నేను ఆ అమరికను చూశాను. ఎడమ వైపు పైకి వచ్చేలా ఉన్నది. కేసు కాగితం చూశాను. ఆపరేషను పేరు ఉన్నది, వైపు లేదు.

మత్తు ఇచ్చే ముందు రోగి నోటితోనే ఏ వైపో చెప్పించుకోవడం నా నియమం. అడిగాను.

“అమ్మా, నీకు ఆపరేషను ఏ వైపు?”

ఆమె తల తిప్పి అటూ ఇటూ వెతికింది. కిటికీ కనబడగానే పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లలా ముఖం వికసించింది.

“కిటికీ పక్కదండీ డాక్టరుగారూ.”

సిస్టరు కిసుక్కున నవ్వింది. “చూశారా మాస్టారూ? పేషెంటుకి కూడా తెలుసు.”

“ఎవరు చెప్పారమ్మా నీకు?”

“అందరూ అదే అన్నారుగా అండీ మొన్నొచ్చినప్పుడు. కిటికీ పక్కది, గుర్తుపెట్టుకో అన్నారు. బండి కాడ కూడా అనుకుంటానే ఉన్నా, మర్చిపోతానేమోనని.”

“నొప్పి ఎటు వచ్చేది?”

“నడుమంతా నొప్పేనండీ. నిలబడి నిలబడి పిండి రుబ్బే నడుం. ఎటని చెప్పను?”

నా ఉద్యోగ జీవితంలో ఎన్నో మూర్ఖత్వాలు చూశాను గాని అటువంటిది చూడలేదు. సొంత ఒంటిని గురించి అడిగితే మనిషి గోడ వంక చూసి జవాబు చెబుతోంది. చదువుకున్నవాళ్ళందరం కలిసి ఆమెకు ఆ విద్య నేర్పించాము.

సర్జనుగారు చేతులు కడుక్కుని, తడి చేతులు పైకెత్తుకుని లోపలికి వచ్చారు.

“ఏం మాస్టారూ, ఇంకా మొదలెట్టలేదా? గుడివాడలో ఇంకో కేసు కాచుక్కూర్చుంది.”

“ఏ వైపో చెప్పండి, మొదలుపెడతాను.”

“కిటికీ పక్క.”

“కిటికీకి మూత్రపిండాలు ఉండవు డాక్టరుగారూ. కుడా, ఎడమా?”

ఆయన సిస్టరు వైపు చూసి కన్ను గీటారు. “అయ్యింది. పాఠం మొదలైంది. అరచేతులు కూడా చూపిస్తారా?”

“బల్ల తిరిగిన సంగతి మీకు తెలుసా?”

“తెలుసండీ. తిప్పితే ఏమైంది? కేసు నాది, స్కాను చూసింది నేను. కిటికీ పక్కదని నాకు స్పష్టంగా గుర్తుంది.”

అక్కడే ఉన్నది అసలు కీలకం. ఆయనకు గుర్తున్నది మూత్రపిండం కాదు, మాట. ఆ మాట పుట్టిన రోజున కిటికీ ఆమె కుడి పక్కన ఉన్నది. ఈ రోజు ఎడమ పక్కన ఉన్నది. మాట మాత్రం ఆయన నోట్లో భద్రంగా, చెక్కు చెదరకుండా ఉన్నది.

“స్కాను ఫిల్ము ఎక్కడ?”

“కార్లో ఉంది. డ్రైవరు టీకి వెళ్ళాడు.”

“రానివ్వండి. ఫిల్ము చూసేదాకా నేను మత్తు ఇవ్వను.”

సర్జనుగారి చేతుల నుంచి నీళ్ళు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఒకసారి కడిగిన చేతులతో ఎక్కువసేపు నిలబడితే మళ్ళీ కడుక్కోవాలి. అది ఆయనకు పరమ చిరాకు.

“రిటైరైనవాళ్ళని పెట్టుకుంటే ఇంతే” అన్నారు, నాతో కాదు, దీపంతో. తరువాత నాతో: “మాస్టారూ, ఇన్నేళ్ళలో నా చేతిలో ఒక్క కేసు తప్పు జరిగిందా?”

“మీ చేతిని నేను అనుమానించడం లేదు. మీ కిటికీని అనుమానిస్తున్నాను.”

సిస్టరు ఈసారి నవ్వలేదు. ఆమె బల్ల వంక, కిటికీ వంక, మళ్ళీ బల్ల వంక చూడడం నేను గమనించాను.

డ్రైవరు వచ్చాడు. డ్యూటీ డాక్టరు పరుగెత్తుకుని వెళ్ళి ఫిల్ము తెచ్చి, గోడ మీది దీపపు పెట్టెకు తగిలించాడు. వెంటనే అతని ముఖం వెలిగిపోయింది.

“ఇదిగో సార్! పాడైంది ఎడమదే. ఎడం పక్కనే ఉంది చూడండి. సార్ చెప్పింది కరెక్టే!”

ఫిల్ములో ఎడమ పక్కన, నిజమే, ఒక వికారమైన పెద్ద సంచీలాంటి నీడ ఉన్నది. చూసేవాడికి ఎడమ పక్కన. స్కాను ఫిల్ము అంటే ఆ మనిషి మనకు ఎదురుగా ఉన్నట్టే లెక్క. ఎదుటివాడి కుడి చేయి మనకు ఎడమ పక్కన ఉంటుంది. కరచాలనం చేసిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. ఆ నీడ పక్కనే ఫిల్ము అంచున కుడి అని తెలిపే ఇంగ్లీషు అక్షరం అచ్చుపడి ఉన్నది. డ్యూటీ డాక్టరు దానిని చూడలేదు. పాపం, అతనికి కావలసినది అక్షరం కాదు, సార్ చెప్పినది కరెక్టు కావడం.

సర్జనుగారు దీపపు పెట్టె ముందుకు వచ్చి నిలబడ్డారు. ఆయన వైద్యుడే, చూడగానే తెలిసింది. చాలా తగ్గు స్వరంతో అన్నారు.

“అది ఆవిడ కుడి.”

సిస్టరు ఇసుక సంచీ మీద నుంచి చేయి తీసేసింది, అది కాలినట్టు.

ఇక్కడ నేను క్రమం తప్పి, తరువాత జరిగిన సమావేశాన్ని ముందే చెప్పి వదిలించుకుంటాను. చివర చెప్పేంత గౌరవం దానికి లేదు. ఆ వారాంతంలో యజమాని అందరినీ కూర్చోబెట్టి బిస్కట్లు పెట్టించాడు. పొరపాటు ఎక్కడ జరిగిందని చర్చ. బల్లను తిప్పడం వల్ల జరిగిందని సర్జనుగారు సెలవిచ్చారు. అందరూ అవునన్నారు. కోయవలసిన వైపును రోగి మెలకువలో ఉండగానే ఒంటి మీద సిరాతో గుర్తు పెట్టాలనీ, అందరూ కుడి, ఎడమ అనే రెండు మాటలనే వాడాలనీ నేను ప్రతిపాదించాను. “టైము పడుతుందండీ” అన్నారు. ఏకగ్రీవంగా చేసిన తీర్మానం ఏమిటంటే, బల్లను మళ్ళీ పాత దిక్కుకు తిప్పడం! ఉత్తరపు దోషానికి పరిహారంగా పండితుడు గోడకు ఒక రాగిరేకు కొట్టించాడు. కుడి ఎడమల దోషానికి పరిహారం ఎవరూ అడగలేదు. నేను ఆ నెలాఖరుకు మానేశాను. నా వీడ్కోలు సభలో సర్జనుగారు నా క్రమశిక్షణను కొనియాడారు. పూలదండ కూడా వేశారు.

తిరిగి థియేటరుకు వద్దాము. ఇంతసేపూ మేమంతా ఒక సంగతి మరచిపోయాము. బల్ల మీద ఉన్న మనిషి మెలకువగా ఉన్నది.

“ఏంటండీ? ఏమైంది?” అన్నది ఆమె.

సిస్టరు పళ్ళెంలో కత్తెరలు మళ్ళీ సర్దసాగింది.

“నేను వింటానే ఉన్నానండీ. రెండోది తీయబోయారా?”

సర్జనుగారు తన ప్రసిద్ధమైన చిరునవ్వును వెతికి తెచ్చుకున్నారు. “ఏం కాలేదమ్మా. మేం డాక్టర్లం ఇలా చర్చించుకుంటూ ఉంటాం. పడుకో.”

ఆమె పడుకోలేదు. డ్రిప్పు ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని లేచి కూర్చున్నది.

“అయ్యా, మా బండి కాడ పెసరట్టడిగినోడికి ఇడ్లీ పెడితేనే ఆకు మొహాన కొడతారండీ. అది రెండు నిమిషాల్లో మార్చి ఇయ్యొచ్చు. మీరు దీన్ని మార్చి ఇస్తారా? ఈ సూది తీసెయ్యండి. ఇంటికెళ్ళిపోతా.”

“ఏమ్మా, అలా మాట్లాడకూడదు” అన్నది సిస్టరు.

“నువ్వే కదమ్మా కిటికీ పక్కదని బట్టీ పట్టించింది?”

సిస్టరు తల దించుకున్నది. డ్యూటీ డాక్టరు ఫిల్ము వెనుక దాక్కోవడానికి ప్రయత్నిస్తున్నాడు, ఫిల్ము పారదర్శకం.

ఆమె వెళ్ళిపోతే ఎవరూ ఆపలేరు, ఆపే అర్హత ఆ గదిలో ఎవరికీ లేదు. కాని ఆమె వెళ్ళిపోతే ఆ చీము సంచీ ఆమెతోనే వెళుతుంది. బల్ల దగ్గరకు వెళ్ళి ఆమెకు ఎదురుగా నిలబడ్డాను. నాకు ఓదార్చడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం వచ్చు.

“విను అమ్మా. నీ కుడి మూత్రపిండం చెడిపోయింది. ఎడమది బాగుంది. వీళ్ళు ఎడమది తీయబోయారు. అది తప్పు. దాన్ని నేను కప్పిపుచ్చను. కాని చెడినది నీ ఒంట్లో ఉంటే ఈసారి జ్వరానికి మా దగ్గరకు వచ్చే వ్యవధి కూడా ఉండకపోవచ్చు. ఈయన చేయి మంచిది. ఇటు నుంచి గుంటూరు దాకా వెతికినా ఇంతకంటే మంచి చేయి దొరకదు. ఎటు కోయాలో తెలిస్తే ఈయన నిన్ను బతికిస్తాడు. వెళతానంటే సూది నేనే తీస్తాను. నిర్ణయం నీది.”

ఆమె నా ముఖం వంక చూసింది, సర్జనుగారి ముఖం వంక చూసింది. బయట కూర్చున్న భర్తను పిలవమంటుందనుకున్నాను. పిలవలేదు.

“కోసేది మీరు కాదు కదండీ, ఆయన కదా?”

“అవును.”

“అయితే ఆయన్నే చెప్పమనండి. కిటికీ, తలుపూ వద్దు. నా ఒంటి మీద చెయ్యేసి చెప్పమనండి.”

సర్జనుగారు నా వైపు చూశారు. సహాయం చేయమని అడుగుతున్నట్టున్నది ఆ చూపు. నేను నా సిరంజీల వైపు చూసుకున్నాను. శుభ్రం చేసిన చేతితో గ్లవుసు లేకుండా రోగిని ముట్టుకుంటే మళ్ళీ మొదటి నుంచి కడుక్కోవాలి. ఆయన ఒక క్షణం తటపటాయించి, ముందుకు వచ్చి, అరచేతిని ఆమె నడుము మీద, పక్కటెముకల దిగువన ఆనించారు.

“ఇదమ్మా. కుడి.”

“ఎవరి కుడండీ?”

ఆ ప్రశ్న నేను ఎన్నేళ్ళు ఎంతమంది పట్టభద్రులను అడిగానో! జవాబు చెప్పేటప్పుడు ఇంతగా ఎర్రబడిన ముఖాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు.

“నీ కుడి.”

ఆమె నెమ్మదిగా వెనక్కి వాలి పడుకున్నది. చేయి తీయబోతున్న సర్జనుగారి మణికట్టును పట్టుకున్నది.

“తియ్యొద్దండీ. నాకు నిద్రొచ్చేదాకా అక్కడే ఉంచండి. మీరు తీశాక మళ్ళీ ఎటంటారో నాకు తెలీదు గదా.”

గుడివాడలో ఇంకో కేసు కాచుకుని కూర్చున్న ఆ మహానుభావుడు, తడి ఆరిపోయిన చేతితో, వంగిన నడుముతో, ఇడ్లీ బండి మనిషి కుడి పక్కన అలాగే నిలబడిపోయాడు. సిస్టరు ఇసుక సంచీలను రెండో వైపుకు మార్చింది. ఆయన అరచేయి చుట్టూ సిరాతో గీత గీయమని డ్యూటీ డాక్టరుకు చెప్పాను. గీశాడు, వేళ్ళతో సహా. ఆ గీత లోపలే కోత పడింది. తీయవలసినదే తీశారు, ఎంతో నేర్పుగా తీశారు. మిగిలిన మూత్రపిండం ఈనాటికీ తన పని తాను చేసుకుపోతున్నది.

మత్తు మందును త్వరగా ఎక్కించవచ్చు, తీరికగానూ ఎక్కించవచ్చు. రోగి క్షేమానికి భంగం లేనంతవరకు అది మత్తు వైద్యుడి విచక్షణ. ఆ ఉదయం నేను నా విచక్షణను పూర్తిగా వినియోగించుకున్నాను.